గొంతు మీద కర్ర కొస

ఆ ఏడు మార్చిలో హోయ్ట్ ఇంటికొచ్చి, స్పిన్నింగ్ రాడ్ కొనుక్కుంటానన్నాడు. నాకు నవ్వొచ్చింది. భయపడాల్సిన చోట నవ్వాను. భయం తర్వాత మొదలైంది. మొదలయ్యాక ఇవాళ్టిదాకా ఆగలేదు.

హోయ్ట్ నా మొగుడు. అమెరికా నడుమనున్న మా ఓజార్క్ కొండల్లో గాలం వేసే మగాళ్ళు రెండు రకాలు. రీలును కర్ర పైన బిగించుకుని, గిర్రున తిరిగే దారపుచుట్టను బొటనవేలితో అదిమి అదుపుచేస్తూ విసిరేవాళ్ళు ఒక రకం. రీలు కర్ర కింద వేలాడే స్పిన్నింగ్ రాడ్ వాళ్ళు రెండో రకం. అందులో బొటనవేలికి పనేమీ ఉండదు. మొదటి రకం వాళ్ళు రెండో రకాన్ని మగాళ్ళ కింద జమకట్టరు. హోయ్ట్ మొదటి రకంలో మొదటివాడు. మా పెళ్ళికి మా తమ్ముడు స్పిన్నింగ్ రాడ్ ఇస్తే, దాన్ని పెరట్లో పాతి టమాటా మొక్కకు ఊతం కట్టాడు.

"ఈసారి కూడా టమాటాలకేనా?" అన్నాను.

"నీకన్నీ ఎగతాళే. ఈ ఏడు నీళ్ళు మరీ తేటగా ఉన్నాయే వెర్లీన్. చేప బెదురుతోంది. సన్న దారం, చిన్న జిగ్ వేస్తేగాని నోరు తెరవటంలేదు. సన్న దారం నా పాత రీలు మీద చిక్కు పడిపోతోంది."

అబద్ధమేమీ లేదు అందులో. జిగ్ అంటే సీసపు గుండుకు అతికిన కొక్కెం, దానికో రబ్బరు కుచ్చు. సరస్సు అడుగున రాళ్ళమీద మంచినీటి రొయ్యలా పాకించాలి. నీళ్ళు తేటగా ఉన్నప్పుడు దాన్ని ఎంత చిన్నది చేస్తే అంత మంచిది, దానికి స్పిన్నింగ్ రాడ్డే సరైంది. ఊళ్ళో ఏ పిల్లకాయనడిగినా చెబుతాడు. ఒక నిజాన్ని తెచ్చి ఇంకో నిజం మీద కప్పాడు, అంతే.

మేమిద్దరం కోళ్ళ ప్లాంటులోనే పని. నాది ఎముకలు తీసే కత్తి, పంతొమ్మిదేళ్ళుగా. తనది రెక్కలు కోసే గుండ్రటి రంపం. ఆ వసంతంలో కంపెనీ వాళ్ళు బెల్టు వేగం పెంచుతామన్నారు. నిమిషానికి ముప్ఫై అయిదు కోళ్ళు పోయే చోట నలభై రెండు పోవాలట, మే మొదటి సోమవారం నుంచి. వద్దని నేను కరపత్రం రాసి, సంతకాల కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. వేళ్ళలో స్పర్శ ఉందో పోయిందో తెలియడానికి ప్రతి గుమ్మంలోనూ ఒకటే ప్రశ్న అడిగాను: "కిందకి చూడకుండా చొక్కా బొత్తాం పెట్టుకోగలవా?" పెట్టుకోలేనివాళ్ళు సంతకం కూడా సరిగ్గా పెట్టలేకపోయారు. ఊరంతా అడిగాను. మా ఇంట్లో అడగలేదు.

శనివారం పొద్దున వెండెల్ మామ కొట్టుకి వెళ్ళాం. ఎరలూ గాలాలూ అమ్మే కొట్టది. వెండెల్ హోయ్ట్‌కి మేనమామ. దవడలో పొగాకు ఉండచుట్టి, చేతిలో ఉమ్మే డబ్బా పట్టుకుని కూర్చుంటాడు.

"ఏంరా, స్పిన్నింగ్ రాడ్డా?" అన్నాడు. "పెళ్ళానికా?"

"నాకే మామా."

"గౌను కూడా కొంటావా? పక్క కొట్లో ఉన్నాయి."

"నీ కొలతలవి దొరకవు గాని, కర్రలు తియ్యి ముందు."

వెండెల్ మూడు కర్రలు తీసి బల్లమీద పెట్టాడు. మొదటిది చేతిలోకి తీసుకుని ఊపితే పిల్లి తోకలాగా ఊగింది. "ఇది పిడిదాకా వంగుద్ది. చేప ముట్టుకుంటే తెలుస్తది, కొక్కెం మాత్రం దిగదు. జిగ్ ముందు నాచు తగులుకోకుండా అడ్డుతీగలుంటాయా? అవి దాటి పెదవిలో దిగాలంటే కర్రకి నడుముండాలి. కొస మెత్తన, నడుం గట్టిగా."

"మా ఇంట్లో కొసే గట్టిది మామా," అన్నాడు హోయ్ట్ నా నోటి వైపు చూపించి.

"దాని నడుం కూడా గట్టిదేరా. అందుకే నువ్వింకా బతికున్నావ్."

రెండోది చీపురు కర్ర. దానితో చేపని కొట్టి చంపొచ్చుగాని పట్టలేం. మూడోది ఆరడుగుల పది అంగుళాలు. సన్నగా, తేలిగ్గా ఉంది. పిడి బెండుతో చేసింది. రీలు బిగించే చోట మధ్యలో ఖాళీ వదిలి, వేలు నేరుగా కర్రకే తగిలేలా చేశారు.

"కొస గొంతుకి ఆనించుకోవే," అన్నాడు వెండెల్ నాతో.

మా దగ్గర కర్ర కొనేముందు అందరూ చేసేదే. ఒకరు కొసను గొంతుకి ఆనించుకుని లోగొంతుతో మాట్లాడతారు. ప్లాంటు మోతకి మొద్దుబారిన చెవులకి అది అందదు. ఇంకొకరు పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంటారు. మంచి కర్రయితే మాట కర్రంతా పాకి అరచేతిలోకొస్తుంది. జిగ్‌ని బాస్ చేప కొట్టదు, లాగదు. ఉఫ్‌మని పీల్చుకుంటుంది. నచ్చకపోతే ఉమ్మేస్తుంది. ఆ పీల్చడానికీ ఉమ్మడానికీ మధ్యన చేతికి తెలియాలి. గొంతు పట్టలేని కర్ర చేపని పట్టలేదు.

"ఏం మాట్లాడను?"

"నీ కరపత్రం చదువు," అన్నాడు వెండెల్.

"వద్దు, కర్ర విరుగుద్ది," అన్నాడు హోయ్ట్.

చదివాను. కంఠతా వచ్చుగా. "కార్మిక సోదరులారా, మన చేతులు మనవి" అని మొదలెట్టాను. హోయ్ట్ తల ఊపుతున్నాడు. "ఆ. వస్తోంది. బాగా వస్తోంది." మధ్యలో కొస గుచ్చుకుని గొంతులో గరగరమంది. మాట ఆగింది. పెదాలు మాత్రం చదివే ఊపులో కదిలాయి.

"భలే! గంట మోగినట్టుంది," అన్నాడు.

అప్పుడు చూశాను. కళ్ళు మూసుకోలేదు. నా పెదాల వైపే చూస్తున్నాడు.

మళ్ళీ చదవడం మొదలెట్టాను. ఈసారి కావాలనే గొంతు ఎత్తలేదు. ఊపిరి కూడా వదలకుండా పెదాలు మాత్రం కదిలించాను. హోయ్ట్, నీ చేతికేమైంది, అని.

"ఇదే మామా. ఇంక వేరేది చూపించక్కర్లా."

వెండెల్ కూడా అక్కడే ఉన్నాడు. నా గొంతు వినిపించలేదని ఆయనకీ తెలుసు. డబ్బా బల్లమీద పెట్టి, గోడ వైపు తిరిగి, సర్ది ఉన్న దారపుచుట్టలనే మళ్ళీ సర్దడం మొదలెట్టాడు. చాలాసేపు సర్దాడు.

"ఇదే ఇచ్చెయ్ మామా," అన్నాను.

ట్రక్కులో హోయ్ట్ ఈల వేస్తూ నడిపాడు. నేను తన బొటనవేళ్ళనే చూస్తూ కూర్చున్నాను. నాకప్పుడు చేపలు గుర్తురాలేదు. రంపం గుర్తొచ్చింది. ఆ పళ్ళకి బెత్తెడు దూరంలో ఈ చేతులు రోజుకి ఎనిమిది గంటలుంటాయి. చలి తగిలినా, తడి తగిలినా, ఇనుము తగిలినా వాటికి ఒకటే.

సోమవారం నుంచి నాకు నరకం. నేను నిలబడే చోటి నుంచి హోయ్ట్ కనిపించడు. మధ్యలో వేలాడే కోళ్ళ వరసలుంటాయి. రంపం చప్పుడొక్కటే వినిపిస్తుంది. కోడి తగిలినప్పుడు చప్పుడు మందమవుతుంది, తర్వాత పలచబడుతుంది. మందం, పలచన. మందం, పలచన. ఎక్కడైనా ఒక్క లెక్క తప్పితే నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఎవరైనా కేక వేస్తారని ఎదురుచూసేదాన్ని. ఆ కేక నవ్వయ్యేది, లేదా ఎవడో ఎవణ్ణో బూతు తిట్టడం అయ్యేది. రెండుసార్లు నా కత్తి జారి నేలమీద పడింది. భయానికి చేతులు మొద్దుబారాయనుకున్నాను. అంతకంటే ఆలోచించే తీరిక లేదు.

ప్లాంటు నర్సు దగ్గరకు పొమ్మని చెప్పొచ్చుగదా అనొచ్చు మీరు. చేతులు మొద్దుబారినవాళ్ళు మొదట పోవాల్సింది అక్కడికే. జబ్బు పనివల్ల వచ్చిందని ఆమె రాస్తే ఆపరేషన్, జీతం, వేరే పని. కాదని రాస్తే పని పోయి ఇంటికి. నా పక్కన కత్తి పట్టే ఒఫీలియా ఆ నెలలోనే వెళ్ళింది. కాగితం మడతపెట్టి తెచ్చి భోజనాల గదిలో నా ముందు పెట్టింది.

"చాలా మంచిగా మాట్లాడింది అక్కా," అంది. మా ఉద్యమంలో అందరం అక్కలం, అన్నలమే. "ఇంట్లో రొట్టెలు వత్తుతావా అనడిగింది. రోజూ వత్తుతానని చెప్పా. మిషను ఇంట్లోకి రానివ్వను, మా అమ్మ నేర్పినట్టు చేత్తోనే వత్తుతానని కూడా చెప్పా. గొప్పగా చెప్పా అక్కా."

కాగితం విప్పాను. బయటి అలవాట్లు అని ఒక గడి. అందులో రొట్టెలు. జబ్బుకి కారణం అని ఇంకో గడి. అందులోనూ రొట్టెలే.

"పద్నాలుగేళ్ళుగా కోసిన కోళ్ళు కాదంట," అంది ఒఫీలియా. "రొట్టెలంట."

ఆడవాళ్ళకి రొట్టెలు, అల్లికలు. మగాళ్ళకి ఇంకా సులువు. నర్సు గది గోడమీద గడ్డి కూరిన బాస్ చేప ఒకటి వేలాడుతుంటుంది. ఏడెనిమిది పౌన్లది. ఆమె దానివైపు చూసి, "ఈ ఏడు చేపలెలా పడుతున్నాయి?" అంటుంది. అంతే. ఆ ప్రశ్న విని నోరు మూసుకునే మగాడు మా కొండల్లో పుట్టలేదు. అరవైసార్లు విసిరినవాడు ఆరువందలసార్లని చెబుతాడు. భుజం తిప్పి చూపిస్తాడు కూడా. ఆమె నవ్వుతూ రాసుకుంటుంది. కారణం: చేపలు పట్టడం. ఆ వసంతంలో పదకొండుమంది ఇళ్ళకు పోయారలా. నేను కరపత్రంలో పెద్దక్షరాలతో వేశాను: నర్సు అడిగితే చేపల మాటెత్తకండి. చదివారు. తలూపారు. వెళ్ళి చెప్పారు.

ఊళ్ళో హోయ్ట్ అంత చేపలవాడు ఇంకొకడు లేడు. పైగా ఇప్పుడు చేతిలో కొత్త కర్ర.

ఏప్రిల్ రెండో ఆదివారం పొద్దున్నే పడవలో వెళ్ళాం. ఒడ్డునంతా తెల్లపూలు విరగబూశాయి. హోయ్ట్ రాళ్ళదిబ్బ పక్కన జిగ్ దింపాడు. నేను దారం వైపే చూస్తున్నాను. కర్ర కొస కదల్లేదు గాని, నీళ్ళల్లో దారం మెల్లగా పక్కకి జరిగింది. జానెడు జరిగింది. మూరెడు. హోయ్ట్ చేతిలో కర్ర అలాగే ఉంది. తను ఆ క్షణాన ఒడ్డు వైపు చూస్తున్నాడు.

"హోయ్ట్. దారం."

గబుక్కున ఎత్తాడు. ఖాళీ కొక్కెం వచ్చింది.

"కునుకు పట్టింది," అన్నాడు.

"బొత్తాం పెట్టుకో."

"ఏంటి?"

"కిందకి చూడకుండా. పై బొత్తాం."

నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగాడు. కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. బొత్తాం జోలికి పోలేదు.

"ఎప్పుట్నుంచి?"

"అక్టోబరు. ముందు బొటనవేళ్ళు. ఇప్పుడు ఇవి మూడూ," అని కుడిచేయి చూపించాడు. "రీలు మీద వేలు నొక్కానో లేదో తెలియట్లేదు. అందుకే చిక్కు. నీకెలా తెలిసింది?"

"కొట్లో. నేను గొంతెత్తలేదు. ఉత్త పెదాలే కదిలించా."

నీళ్ళకేసి చూశాడు. పడవకి అలలు తగులుతున్నాయి.

"నాకెందుకు చెప్పలేదురా?" ఎప్పుడూ అననిది, నోట్లోంచి 'రా' వచ్చేసింది.

"నీకు చెబితే ఊరికి చెప్పినట్టేగదే. నీ కాగితం మీద మొదటి పేరు నాదే రాస్తావు. మీటింగులో నన్ను లేపి నిలబెడతావు. ఇదిగో చూడండి మా ఆయన చేతులు అంటావు." మెల్లగా అన్నాడు, కోపం లేకుండా. "కంపెనీకి భయపడ్డా, నిజమే. నీకూ భయపడ్డా."

పదిహేనేళ్ళ ఉద్యమంలో నన్ను చాలామంది చాలా తిట్టారు. వాటిలో ఒక్కటీ ఇంత లోతుకి దిగలేదు. అడ్డుతీగలు దాటి దిగింది.

"మీటింగులో చెప్పను," అన్నాను. "కానీ మంగళవారం నర్సు దగ్గరికి పోతున్నావు. నేనూ వస్తాను. తోడుగా ఒకళ్ళు కూర్చోవచ్చని కిందటేడు పోట్లాడి సాధించాంగా. ఆమె చేపల గురించి అడుగుద్ది."

"తెలుసు. నీ కరపత్రం చదివా."

"అందరూ చదివారు."

రెండ్రోజులు ఇంట్లో అదే పాఠం. నేను నర్సుని, తను తను. చేపలెలా పడుతున్నాయి అంటాను. "పోయిన వారం నాలుగు పౌన్లది..." అని మొదలెట్టేవాడు. నెత్తిన మొట్టేదాన్ని. మళ్ళీ అడిగేదాన్ని. "పెద్దగా ఏంలేవు" అనేవాడు. అదీ తప్పే. పెద్దగా లేవంటే చిన్నగా ఉన్నట్టు. సోమవారం రాత్రికి మా ఇద్దరికీ తిండి సహించలేదు.

మంగళవారం. నర్సు గది వెచ్చగా ఉంది. హోయ్ట్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె వేళ్ళని సూదితో తాకింది, మణికట్టు వంచింది, రాసుకుంది. తర్వాత కలం పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, గోడమీదకి చూసింది.

"ఊఁ, హోయ్ట్. ఈ ఏడు చేపలెలా పడుతున్నాయి?"

హోయ్ట్ కూడా గోడమీదకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చేపని ఏ మూల, ఏ లోతులో, ఏ ఎరతో పట్టి ఉంటారో తను చెప్పగలడు. తన గొంతు దగ్గర ఏదో కదలడం నాకు కనిపించింది. అయిపోయింది, అనుకున్నాను. నా గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. నొప్పి మాత్రం తెలియలేదు.

"నేను చేపలు పట్టను," అన్నాడు.

ఆమె నవ్వేసింది. "ఊరుకో. నీ ట్రక్కు వెనక బాస్ బొమ్మ ఉంది. అందరికీ తెలుసు."

"మానేశా."

"ఎప్పుడు?"

"ఇప్పుడు."

ఆమె కలం తీసుకుంది. పట్టుకుని కూర్చుంది. నేను ఆమె కలం వైపే చూస్తున్నాను, నేను చూస్తున్నానని ఆమెకీ తెలుసు. బయటి అలవాట్లు అన్న గడి ఖాళీగా వదిలేసి కాగితం తిప్పింది.

హోయ్ట్ అబద్ధమాడే మనిషి కాదు. అందుకని ఆ మాటని నిజం చేశాడు. ఇంటికెళ్ళగానే ట్రక్కు మీది బొమ్మని గోకి తీసేశాడు. కొత్త కర్రని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. "నువ్వు పట్టు," అన్నాడు. "మంచి కర్ర. ఊరికే ఉంచకు." మే నెలాఖరులో కుడిచేతికి ఆపరేషనైంది. డబ్బు కంపెనీయే కట్టింది.

బెల్టు మాత్రం మే మొదటి సోమవారమే పెరిగింది. నిమిషానికి నలభై రెండు. మా సంతకాలు ఏ బల్ల కింద ఉన్నాయో తెలియదు.

జూన్‌లో సరస్సు దగ్గర, పడవలు దింపే చోట, తెల్లకారు ఒకటి ఆగడం మొదలైంది. లోపల ఒకడు, చేతిలో పొడుగు కెమెరా. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు చేతులతో ఏం చేస్తున్నారో చూడటానికి కంపెనీ పెట్టిన మనిషి. హోయ్ట్ ఒకసారి విసిరితే చాలు వాడికి.

"ఇంట్లో ఉందాం," అన్నాడు హోయ్ట్.

"ఎందుకు? నువ్వు ముట్టుకోకు. నేను పడతా. చూసుకోనీ వెధవని."

ప్రతి ఆదివారం వెళ్ళాం. హోయ్ట్ కట్టుచేతిని మెడకి వేలాడదీసుకుని పడవ వెనక కూర్చునేవాడు. నేను ముందు నిలబడి విసిరేదాన్ని. తెల్లకారు వైపు తిరిగి చెయ్యి ఊపేదాన్ని. "ఫొటో తీసుకో నాయనా, నాది తీసుకో! ఇటు పక్కనుంచి కూడా తీసుకో!" అని అరిచేదాన్ని. మరీ ఎక్కువసార్లు విసిరేదాన్ని, వాడి కోసమే. వాడు నిజంగానే తీసేవాడు. హోయ్ట్ నవ్వేవాడు. నాలుగు వారాల్లో ఒక్క చేప పడలేదు. కొత్తదాన్ని కదా అనుకున్నాను.

నాలుగో ఆదివారం రాళ్ళదిబ్బ దగ్గర హోయ్ట్ నన్నే చూస్తూ ఉండిపోయాడు.

"దారం జరిగిందే."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మూరెడు. ఎత్తలేదేం?"

"చూళ్ళేదు."

"చూడటం దేనికి? ఆ కర్ర చేతికి చెబుద్ది." ఎడమచేయి చాపాడు. "కొస ఇటివ్వు."

దారం చుట్టేసి, కొస తన వైపు తిప్పాను. గొంతుకి ఆనించుకున్నాడు. నేను పిడి పట్టుకుని, ఖాళీ ఉన్న చోట వేలు కర్రకే ఆనించాను. తన పెదాలు కదిలాయి.

"తెలుస్తోందా?"

"ఆ," అన్నాను. "బాగా తెలుస్తోంది."

ఇంకోసారి కదిలాయి. "ఇప్పుడు?"

"తెలుస్తోందయ్యా. చెప్పాగా."

హోయ్ట్ కొసని గొంతు మీంచి మెల్లగా దించాడు.

"రెండోసారి నేను గొంతెత్తలేదు, వెర్లీన్."

అలలు పడవకి తగులుతున్నాయి. జారిపడిన కత్తి గుర్తొచ్చింది. నర్సు గదిలో గుచ్చుకున్న గోళ్ళు గుర్తొచ్చాయి. అయిదు వారాలుగా పొద్దున కాఫీ కప్పుని రెండు చేతులతో పట్టుకుంటున్నాను, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. నేను ఊరంతా అడిగాను. నన్ను ఎవరూ అడగలేదు.

ఇద్దరం ఒకేసారి ఒడ్డు వైపు తిరిగాం. తెల్లకారు అద్దం దించి ఉంది. నాలుగు ఆదివారాలు నేను పిలిచి మరీ తీయించుకున్న ఫొటోలన్నీ ఆ కారులో ఉన్నాయి.

కర్రని పడవ అడుగున పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను, చూసేవాడికి వినిపిస్తుందేమోనన్నట్టు.

"బయటి అలవాట్లేమన్నా ఉన్నాయా?" అన్నాడు హోయ్ట్, నర్సు గొంతుతో. నవ్వడం లేదు.

నోరు తెరిచాను. పెదాలు కదిలాయి.